చదవకుండా ఆపేసిన సగం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం కూడా కాదు, సగం నిజం. అదే ఇంకా చిరాకు. పూర్తి అబద్ధమైతే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

సౌదీలోని హుఫూఫ్‌లో, కంపెనీ క్యాంపులో, మా గదిలోనే సాయిలు ఉంటాడు. నిజామాబాద్ వైపు మనిషి, ప్లాస్టరింగ్ మేస్త్రి. మాటల్లేని పాత సినిమాల్లోని ఒక అమెరికా నటుడంటే అతనికి పిచ్చి. శుక్రవారం నమాజు వేళ దాటాక క్యాంపు మెస్సులో ఆ నటుడిలా నిచ్చెన మోస్తూ, పడుతూ, లేస్తూ ఆడేవాడు. పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, మనవాళ్లు, అందరూ కలిసి పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. మాటలుంటే కదా భాష అడ్డం రావడానికి!

సాయిలుకు ఇంగ్లిష్ రాదు. స్టోరు చూసేవాణ్ణి కనుక నాకు వచ్చు. ఆ నటుడి జీవితకథ ఫోన్లో దొరికింది. ఇక వారం వారం నా ప్రాణం తోడేసి చదివించుకునేవాడు. మొదటి వేషం ఏమిటి, ఎలా పైకొచ్చాడు, దెబ్బలు తగలలేదా... నేనేమన్నా అతని గుమాస్తానా?

అప్పుడే ఖోబర్ పట్నంలో షోలు పెట్టే ఒకాయన సాయిలు ఆట చూశాడు. మా వీసాలిచ్చిన యజమాని కఫీల్‌తో మాట్లాడి తన దగ్గరికి మార్పించుకుంటానన్నాడు. సాయిలు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"అన్నా, గాయిన ఆఖరికి ఏమైండో సదువు. మంచిగైతె నేను గూడ పోత."

ఎవడో అమెరికావాడి బతుకు చూసి తన బతుకు తేల్చుకుంటాడా? ఒళ్లు మండింది. చదివాను. మాటల సినిమాలొచ్చాయి, వేషాలు పోయాయి, ఇల్లు పోయింది, పలకరించేవాడు లేడు. అక్కడ ఆపాను.

"గంతేనా?"

"గంతే. ఖతం."

కింద ఇంకా బోలెడుంది. ముసలితనంలో అతన్ని మళ్లీ పిలిచారు, వేషాలిచ్చారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వేలితో జరిపి చూశాను కూడా. విసుగుతో ఆపానా, అసూయతోనా? వీడు పోతే గదిలో పప్పు ఎవరు వండుతారని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఖోబర్ ఆయనకు సాయిలు రానని చెప్పేశాడు. ఆట మానేశాడు. ఇప్పటికీ గోడలకు సిమెంట్ కొడుతున్నాడు, మోకాళ్లు అరిగిపోయాయి. మొన్న ఎవరో ఒక్కసారి ఆడమంటే, "గాయిన కత ఎర్కనే గద" అని నవ్వాడు. తర్వాత పప్పు మొదట నాకే వడ్డించాడు.

చెప్పేయొచ్చు కదా అంటారు. ఆ మోకాళ్లతో ఇప్పుడేం ఆడతాడు? లేక ఇదీ నా సాకేనా? తెలియదు. అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. కథ అక్కడ అయిపోలేదు. ఆపింది నేను.