నెలకి మూడు రోజులు

అప్పటికి నా ముందు ఒక్కతే ఉంది. విశాఖ బీచి రోడ్డు మీద మారథాన్, ముప్పై రెండో కిలోమీటరు. దాని జడ ఊగడం కనిపిస్తోంది, ఇంకో రెండు మలుపుల్లో పట్టేస్తాననుకున్నాను. సరిగ్గా అప్పుడు నా ఎడమ తొడలో ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. నా చెవులకి వినపడిందంటే నమ్మండి. రెండేళ్లు వరసగా ఆ పరుగులో మొదటిదాన్ని నేనే. మూడోసారి రోడ్డు మధ్యలో కూలబడిపోయాను.

నాలుగో రోజున అమలాపురంలో డాక్టరమ్మ ఎక్స్‌రేల్లో తొడ ఎముక మీద పగులు చూసి, కాలు సంగతి వదిలేసి ఇంకోటి అడిగింది.

"నెలసరి ఆఖరుగా ఎప్పుడొచ్చిందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "దానికి రాదండీ. రెండేళ్లు దాటిందండి. పరుగులో పడ్డాక దానంతటదే పోయిందండి." నాకొచ్చిన ఇంకో మెడల్ గురించి చెప్పినట్టే చెప్పింది.

అమ్మని అనడానికి లేదు. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పెరటి వసారాలో చాప, విడిగా కంచం, గడప దాటకూడదు. ఇంక కాలవ గట్టు మీద పరుగేమిటి? ఆ గట్టు మీద మాకు పరుగు నేర్పే డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి మరీ కేకలేసేవారు. "నెలకి మూడ్రోజులు మూల కూర్చుంటే మెడల్స్ ఆ మూలకే నడిచొస్తాయేటండీ?" ఆచారం వదల్లేక, నన్ను ఆపలేక అమ్మ నలిగిపోయేది. అలాంటిది మూడు నెలలు వరసగా రాకపోయేసరికి, గట్టెక్కామని వీధి చివర అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. మాస్టారైతే మిగతా అమ్మాయిలకి నన్ను చూపించి, "ఒళ్లంటే అలా తయారవ్వాలి. అన్నం తగ్గించండి, తేలిగ్గుంటారు" అనేవారు. నాకు ఎంత గర్వమో! రాత్రిళ్లు గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేదాన్ని.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "తిండి చాలక ఒళ్లే ఆపేసిందమ్మా దాన్ని. అది ఆగితే ఎముకలు గుల్లబారిపోతాయి. నీకు ఇరవై మూడేళ్లు. ఈ ఎముకలు మాత్రం మీ నాయనమ్మవి."

"మళ్లీ పరిగెడతానాండీ?"

"ముందు నడువు. పరుగుకి నేను మాటివ్వలేను."

ఆటో దిగి ఇల్లు చేరాక అమ్మ అంది. "కాయ కొట్టింది నేనేనే. అమ్మవారు వద్దనలేదే మరి."

"అమ్మవారేవన్నా డాక్టరా అమ్మా?"

నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లారగానే చంకకర్రలేసుకుని కాలవ గట్టెక్కాను. ఆరుగురు అమ్మాయిలు కాళ్లు సాగదీస్తున్నారు. మాస్టారు ఎదురొచ్చారు.

"ఈ కాలేసుకుని ఎందుకొచ్చేవమ్మా? ఇంటికాడ పడుకోవాలి గానీ."

"ఆయ్, పడుకుంటానండి. ఒక్క మాట అడిగి పోతానండి." అమ్మాయిల వైపు తిరిగాను. "నెలనెలా రావడం మీలో ఎవరికర్రా ఆగిపోయింది?"

మాస్టారు గభాల్న కాలవ వైపు తిరిగిపోయారు. చివర నిలబడ్డ బక్కపిల్ల చెయ్యి సగం ఎత్తింది.

"నాకక్కా. అయిదు నెలలైంది. మా అమ్మ ఎంత సంతోషపడతందో."

బూట్లు విప్పించాను. రోడ్డు దాకా కుంటుతూ తీసుకెళ్లి, డాక్టరమ్మ దగ్గరికని అమలాపురం బస్సెక్కించి, దాని పక్కనే కూర్చున్నాను.