పోట్లాటలో మిగిలిన పేరు

నిన్న సోలాపూర్ కొంతం చౌక్‌లో పెత్రమాస సామాను కొంటుంటే, ఎప్పుడూ కూరగాయలిచ్చే ఆమె నా సంచీ చూసి ఈసారి ఇన్నెందుకని అడిగింది. ఇంట్లో ఒకరు పెరిగారన్నాను. పెత్రమాస నాడు పోయినవాళ్ళ పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరలు ఇచ్చుకుంటాం. ఆ లెక్కలో మనిషి పోతే ఒకరు పెరిగినట్టే. ఆమెకు అర్థమై, గుప్పెడు చిక్కుడుకాయలు కొసరు వేసింది.

పెరిగింది మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత జీవితమంతా బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించే చెయ్యీ, మమ్మల్ని ఆటపట్టించే నోరూ రెండూ ఆగేవి కావు. ఇంట్లో అందరూ ఆమెను ముసలమ్మ అనేవారు. రిబ్బన్లు కట్టుకున్న పసిపిల్ల ఫోటో చూపించి "ఇది ముసలమ్మ" అంటే మేం పడీపడీ నవ్వేవాళ్ళం. పెళ్ళిలో అత్తవారు, మరాఠీ ఇళ్ళలో చూసి నేర్చిన పద్ధతిలో, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో కొత్త పేరు రాశారు. ఆ పేరు బీడీ కార్డు మీదే ఉండిపోయింది. దానితో ఆమెను పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు.

పెత్రమాసకు పేర్లు చెప్పాల్సింది నాన్న, ఆయన తర్వాత నేను. కానీ పేర్లన్నీ గుర్తున్నది మేనత్తకే. పక్కన కూర్చుని అందించేది. ఒక్కచోట మాత్రం తడబడి, "నడిసొచ్చిన ముసలమ్మ" అనేది. ఆ నడిచొచ్చినామె మా నాన్నకు నాయనమ్మ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఊళ్ళో మగ్గం తిండి పెట్టక, కరీంనగర్ వైపు నుంచి భర్త వెంట నెత్తిన మగ్గం అచ్చు పెట్టుకుని సోలాపూర్ దాకా నడిచొచ్చిన మనిషి. పేరు ఎవరికీ తెలియదు. కోడళ్ళు అత్తగారి పేరు నోట పలకరు. కొడుకులకూ మనవళ్ళకూ ఆమె అవ్వ. ఇంటిల్లిపాదీ అంత మర్యాదగా ఉండడం వల్లే పేరు పోయింది. కూనపులివాళ్ళు వచ్చి పటం విప్పి మా వంశం పాడినా, అందులో వచ్చేవి మగవాళ్ళ పేర్లే. పాతవాళ్ళ వివరాలు సేకరించడం నాకు సరదా. మేనత్తకు మాత్రం అది బాధ.

"పేరు పెట్టి పిలువకుంటె ఎవలొస్తర్రా బువ్వకు?" అనేది. "గంత దూరం నడిసొచ్చింది. ఇప్పటిదాంక ఆకలితోనే నిలవడ్డది."

పోయినేడు పెత్రమాస ముందు ఆమెకు హఠాత్తుగా పాత గల్లీలోని ఎదురింటివాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళతో మాకు తరాలుగా మాటల్లేవు. మావాళ్ళు గల్లీ పొడవునా పడుగు దారాలు చాపి గంజి పట్టించి ఆరబెడితే, అది ఆరేదాకా వాళ్ళు గడప దాటడానికి ఉండేది కాదట. ఆ ఇంటి కూతురు, తొంభైకి దగ్గరపడిన మనిషి, ఇప్పుడు హోట్గి రోడ్డులో మనవడి దగ్గర ఉంటోంది. కుంభారిలోని మా ఇంటి నుంచి మేనత్తను బండి మీద ఎక్కించుకుని వెళ్ళాను. దారంతా అరటిపండ్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, శత్రువుల ఇంట్లో చాయ్ ముట్టనని చెబుతూనే ఉంది.

మా అవ్వ పేరు కోసం వచ్చామని వినగానే ఆ పెద్దామె బోసినోటితో నవ్వింది. "మా అమ్మకు ఆమెకు రోజు భాండణమే, కొట్లాటనే. 'ఓ బూదవ్వా, నీ పడుగు తీస్తవా, తెంపుమంటవా' అని గల్లంత ఇనేటట్టు ఒర్రేది. మర్శిపోతమా?" తర్వాత మేనత్త చెయ్యి పట్టుకుంది. "నీదీ గా పేరే గదనే. ఆమె పోయినంక నువ్వు పుడితె నీకు పెట్టిన్రు. మీ అమ్మ కోడలాయె, గా పేరెట్ల పిలుస్తది? ముసలమ్మ అన్నది."

 ఎనభై ఏళ్ళు దాటాక మేనత్తకు తన పేరు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, శత్రువుల చాయ్ మళ్ళీ పోయించుకుని తాగింది. బండెక్కుతూ, తను బతికుండగా ఆ పేరు మీద బియ్యం ఇవ్వొచ్చా అని అనుమానపడింది. అంతలోనే తనే తేల్చేసింది: "ఇయ్యి తియ్. నేను సుత దాంట్లనే తింట." ఆ పెత్రమాసకు నన్ను ఆపి, బూదవ్వ పేరు తనే గట్టిగా చెప్పింది. పేరు మరచిపోని ఆ పోట్లాటలకు నేను లోపలే దండం పెట్టుకున్నాను.

ఎండాకాలంలో మేనత్త పోయింది. ఈసారి పక్కన కూర్చుని అందించేవాళ్ళు లేరు. ఒకే పేరు రెండుసార్లు వచ్చేసరికి అయ్యగారు పొరపాటనుకుని నా వైపు చూస్తారు. కాదని చెప్పి మళ్ళీ చెబుతాను. ఒక బూదవ్వ ఎనభై ఏళ్ళకు పైగా ఎదురుచూసింది. ఇంకో బూదవ్వను ఒక్క ఏడాది కూడా నిలబెట్టను.