జమీందారు కావలసిన దూడ

అచ్చంపేట దాటి అడవివైపు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో, పొద్దున్నే కొత్తవాళ్లెవరైనా బండి ఆపితే కాసేపు బిత్తరపోవలసిందే. "ఓ కలెక్టరూ, కంచెల పడ్డవంటె కాళ్లిరగ్గొడ్త! కమీషనరూ, పండుకున్నది సాలు, లే!" అని ఒక మనిషి ఏ జంకూ లేకుండా అరుస్తుంటాడు. కలెక్టరు మేక. నాగర్‌కర్నూల్ జిల్లా అయి కొత్త కలెక్టరు వచ్చిన ఏడాది పుట్టింది. కమీషనరు కుక్క. అరిచే మనిషి భిక్షం.

అతని బర్రె పేరు హైకోర్టు. పాలివ్వడాన్ని ఏ పూటకాపూట వాయిదా వేస్తుంది గనక ఆ పేరు. కోడిపుంజు పేరు ఎక్స్‌ప్రెస్. "మన ఊరికి రైలు ఎట్లాగు రాకపాయె, గీ కూతన్నా ఇందాం" అన్నాడు. ఆవును కొల్లాపూర్‌లో కొన్నాడు. రాజులుండిన ఊరినుంచి వచ్చినదాన్ని గంగి అనో గౌరి అనో పిలిస్తే మర్యాద కాదని రాణీసాబ అని పేరు పెట్టాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. వేరే గొడ్డు మూతి పెట్టిన కుడితి ముట్టదు.

ఊరంతా నవ్వుకునేది. నవ్వుకుంటూనే, ఇంట్లోకి కొత్తగా మేకపిల్లో కుక్కపిల్లో వస్తే పేరు కోసం భిక్షం దగ్గరికే వచ్చేది. చిన్న పేరు మాత్రం అతని నోట రాదు. కర్రోడు, బక్కది, కుంటిది అని ఎవరైనా అంటే నిజంగానే కోపం. "పెట్టెటోడు పెట్టి పోతడు. మోసేది అది గదా" అనేవాడు.

మోయడం ఏమిటో అతనికి బాగా తెలుసు. బడిలో సారు హాజరు పిలుస్తూ "భిక్షం" అనగానే వెనక వరుసనుంచి "చెయ్యి ఖాళీ లేదు, ముందటికి పో" అని ఎవడో ఒకడు అనేవాడు. సారు కూడా నవ్వేవాడు. పెళ్లిచూపుల్లో పిల్ల మేనమామ పేరడిగి, విని, తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల నవ్వలేదు. అందుకే శోభను చేసుకున్నానని ఇప్పటికీ చెబుతాడు. తన పేరు మీది కసినంతా అతను గొడ్ల పేర్లలో తీర్చుకున్నాడు. అందులో తప్పేముంది? మనలో చాలామంది అంతకంటే పాడుపనులు చేసి తీర్చుకుంటాం.

ఆ పేరు పెట్టింది తల్లి గుర్వమ్మ. వయసులో ఉన్నప్పుడు ఒకసారి, "నీకు వేరే పేరే దొర్కలేదానే?" అని ఆమె మీదికి లేచాడు. ఆమె గొంగడి దులుపుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఊసు మళ్లీ రాలేదు.

రాణీసాబ మొదటి దూడకు యువరాజు అని పేరు పెట్టాడు. వారం తిరక్కముందే విరేచనాలు పట్టి చచ్చిపోయింది. రెండోదానికి చక్రవర్తి అన్నాడు. అదీ నిలవలేదు. రెండుసార్లూ ఆవు గుంజ చుట్టూ తిరిగి తిరిగి అరుస్తుంటే భిక్షానికి ముద్ద దిగలేదు. ఇంకోసారి ఆ అరుపు వినడం తనవల్ల కాదని శోభతో అన్నాడు కూడా.

పోయిన వానాకాలం ఒకనాడు తెల్లారగట్ల మూడోది పుట్టింది. తెల్లని ఒంటిమీద ఎర్రటి పొడలున్న కోడెదూడ. పేరు ముందే సిద్ధంగా ఉంది, జమీందారు. కానీ పొద్దెక్కినా దూడ తల ఎత్తలేదు, పొదుగు పట్టలేదు. పశువుల డాక్టరు సతీశ్ వచ్చి సూది వేశాడు. జున్నుపాలు సీసాతో పట్టమన్నాడు. "రేపటికల్ల లేసి నిలవడితే బతుకుతది, భిక్షమన్నా. నా చేతనైంది చేసిన" అని చెప్పి వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరగ్గానే గుర్వమ్మ కర్ర పొడుచుకుంటూ దొడ్లోకి వచ్చి దూడ పక్కన కూర్చుంది.

"ఏం పేరు పెట్టినవ్‌రా?"

"జమీందారు."

"మార్చు. మంచి పేరింటె సావు ఆశపడ్తది. ఎవ్వలకూ అక్కెర లేని పేరు పెట్టు."

"నాకు పెట్టినట్టా?" ఇన్నేళ్ల కోపం ఒక్కసారి పైకి వచ్చింది. "గప్పుడు నీకు వేరే పేరే దొర్కలేదానే అమ్మా?"

గుర్వమ్మ దూడ చెవి నిమురుతూనే ఉంది. "ఎందుకు దొర్కలే బిడ్డా. దొరికినయి. నీకంటె ముందు పుట్టిన పెద్దోనికి రాజలింగం అని పెట్టిన. వాని ఎనకటోనికి బాలకిష్టయ్య అని పెట్టిన. నాకెరికైన మంచి పేర్లు గా ఇద్దరికే అయిపాయె."

తనకంటే ముందు ఇద్దరు పోయారని భిక్షానికి తెలుసు. వాళ్లకు పేర్లున్నాయని తెలియదు.

"నువ్వు పుట్టంగనే చేటల ఏసి, వాకిట్లకు బిచ్చానికొచ్చిన జంగమయ్యకు ఇచ్చేసిన" అంది ఆమె. "వీడు నా కొడుకు కాదు, నీ కొడుకే అన్న. మల్ల కొంగు వట్టి ఆయన్నే అడుక్కున్న. ఇచ్చిండు. గందుకే ఉన్నవ్."

భిక్షానికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కళ్లు తుడుచుకుని, లోపలినుంచి చేట తెచ్చి, దూడ తలను మెల్లగా అందులో పెట్టి తల్లివైపు జరిపాడు. "ఇది నాది కాదు. నీదే" అన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులా పట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడుక్కున్నాడు. "అమ్మా, ధర్మం చెయ్యవే." గడపలో నిలబడిన శోభ ఈసారీ నవ్వలేదు.

గుర్వమ్మ చేటను అతనివైపు తోసింది. "పేరు?"

"భిక్షం" అన్నాడు.

సూది పనిచేసిందనే డాక్టరు అంటాడు. జున్నుపాలని శోభ అంటుంది. ఏదైతేనేం, మర్నాడు పొద్దెక్కాక దూడ నాలుగు కాళ్లూ ఎడంగా చాపి, వణుకుతూ లేచి, రాణీసాబ పొదుగులో మూతి పెట్టింది. భిక్షం దొడ్లోంచే వీధంతా వినపడేట్టు అరిచాడు.

"అమ్మా, భిక్షం లేసిండే!"

వాకిట్లో కూర్చున్న గుర్వమ్మ తల తిప్పలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని అంది.

"గప్పుడు నువ్వు గూడ గిట్లనే, పొద్దెక్కినంక పాలు తాగినవ్‌రా."