జయరాజ్ బిళ్ల

డోన్ దగ్గర మా సున్నపురాయి గనిలోకి దిగేవాడు ఎవడైనా తన ఇత్తడి బిళ్లను బోర్డు మీద 'లోపల' అని రాసున్న వైపు మేకుకి తగిలించాలి. పైకొచ్చాక తీసేయాలి. ఒక్క బిళ్ల మిగిలినా నేను మందు పేల్చను. నా ఉద్యోగమే అది.

ఆ బోర్డు కాచేది దేవేంద్రప్ప. ఆయనా, డ్రిల్లు పట్టే జయరాజూ గేటుకెదురుగా కంపెనీ క్వార్టర్లో కాపురముండేవాళ్లు. ఇద్దరూ మగవాళ్లే. మొదట్లో జనం చెవులు కొరుక్కున్నారు. తర్వాత విసుగొచ్చి, వాళ్లింట్లో ఉగ్గాని తిని ఊరుకున్నారు.

పోయిన వేసవిలో జయరాజ్ గుండె ఆగి గనిలోనే పోయాడు. మా దగ్గర, చనిపోయినవాడి బిళ్లను మేనేజరు ఇంటివాళ్ల చేతికిస్తాడు. అందుకున్నవాళ్లే కుటుంబం. క్వార్టరూ పెన్షనూ వాళ్లవే. దేవేంద్రప్ప చెయ్యి చాచాడు.

"స్నేహితులకిచ్చే రూలు లేదప్పా. క్వార్టరు ఖాళీ చెయ్" అని మేనేజరు తేజేశ్వర్ బిళ్లను బీరువాలో పడేశాడు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు సాయంత్రం అందరూ పైకొచ్చాక బోర్డు చూశాను. లోపలి వైపు జయరాజ్ బిళ్ల వేలాడుతోంది. బురదనీళ్లు కారుతున్నాయి. నేను పేల్చలేదు.

ఇదంతా దేవేంద్రప్ప పనేనని తేజేశ్వర్ విరుచుకుపడ్డాడు. ఆయన్ని ఇంటికి పంపేసి, బిళ్లను మళ్లీ బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మరుసటి రోజు తనే బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. షిఫ్టు ముగిసింది. మేకులన్నీ ఖాళీ. ఉన్నట్టుండి టింగుమంది. లోపలి వైపు మేకుకి జయరాజ్ బిళ్ల ఊగుతోంది. గనిలోంచి డ్రిల్లు మోత సన్నగా వినబడుతోంది.

"పేల్చు హనుమేషూ." తేజేశ్వర్ కుర్చీలోంచి లేచాడు.

"నేను పేల్చను సార్. లోపల మనిషుండాడు."

చివరికి తేజేశ్వర్ దేవేంద్రప్పను పిలిపించాడు. "జయరాజ్ నీకేమవుతాడని రాసుకోవాల?"

"మా ఇంటాయన సార్."

ఎవరికీ నవ్వు రాలేదు. తేజేశ్వర్ అట్లే రాసి, బిళ్ల చేతిలో పెట్టాడు. మోత ఆగిపోయింది.

దేవేంద్రప్ప దాన్ని తువ్వాలుతో తుడిచి, గని వైపు తిరిగాడు. "షిఫ్టయిపోయింది. రా జయా, ఇంటికి పోదాం."

ఆయన రోడ్డు దాటాడు. తలుపు తీసి పక్కకు జరిగాడు. ఎవరో ముందు పోవాలన్నట్టు కాసేపు ఆగి, ఆ తర్వాత తను లోపలికి పోయాడు.

నేనప్పుడు మందు పేల్చాను.