రాళ్ళ గిన్నె

కంట్లో వేసిన మందుచుక్క కాసేపటికి గొంతులో చేదుగా తగులుతుంది. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. రెండో కంటికి కూడా శుక్లం తీయించుకుని మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. మా అమ్మాయి సరిత చుక్క వేసి, "నాయనా, కన్ను నలుపకు, జరసేపు మూసుకో" అని సీసాకు మూత పెట్టింది. ఆ చేదు ముక్కు వెనక నుంచి జారి నాలుక మొదట్లోకి రాగానే ఎన్నడో ఆగిపోయిన గొంతొకటి వినిపించింది. "ఒరేయ్ యాదగిరీ, మందు కంట్లో వేస్తే నోరు చేదెక్కుతోందేంట్రా? దారి తప్పిందేమో చూడు!" ఆ మాట అన్నది రాజ్యలక్ష్మమ్మగారు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో కోచింగ్ పిల్లలకు మెస్ నడిపిన మనిషి. ఈ వయసులో నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నానన్నా, నాలుగు ముక్కలు రాస్తున్నానన్నా, కాలనీ వాళ్ళు నన్ను నోటి దురుసు ముసలాడని తప్పించుకు తిరుగుతున్నారన్నా, అన్నింటికీ ఆమే కారణం.

నాది నల్లగొండ దిక్కు పల్లె. బడిలో నేర్చిన అక్షరాలు బడి మానిన కొన్నాళ్ళకే సగం పోయాయి. పెళ్ళయ్యాక పని వెతుక్కుంటూ ఎల్బీనగర్ వచ్చి, లారీల షెడ్డులో కొంతకాలం ఒళ్ళు హూనం చేసుకుని, చివరికి ఆమె మెస్‌లో కూరగాయలు తరగడానికి కుదిరాను. ఆమెది గుంటూరు వైపు. భర్త పోయాక చెల్లెలి కొడుకును చదివించడానికి ఈ ఊరు వచ్చి, వాడికి వండుతూ వాడి స్నేహితులకూ వండి, వాడు చదువు ముగించి వెళ్ళిపోయినా తాను ఆ పొయ్యి దగ్గరే ఉండిపోయిన మనిషి. పొద్దున్నే వంటింటి గడప పక్కన పీట వేసుకుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. పేపరు నా ఒళ్ళో పడేసి, "ఊఁ, చదువు" అనేది. మొదట్లో ఒక్కో మాటా ముక్కలు ముక్కలుగా కూడబలుక్కునేవాణ్ణి. నేను ఒక మాట మింగేస్తే చేట చప్పుడు ఆగిపోయేది. "అక్కడేదో మింగావు. మళ్ళీ చదువు." చదివాక, "అర్థమైందా?" అని అడిగేది. నేను తల ఊపేవాణ్ణి. ఆమెకు తల ఊపడమంటే ఒళ్ళు మంట. "అర్థం కాకపోతే కాలేదని చెప్పు. తల ఊపేవాళ్ళు ఈ ఊళ్ళో కావలసినంత మంది ఉన్నారు, నువ్వొకడివి తక్కువైతే నష్టం లేదు." అలా సంపాదకీయాల దాకా వచ్చాను. ఆ తరవాత దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు కొని చదివాను. నాకు బడి ఉందంటే అదే, ఆ గడప.

ఆ రోజుల్లోనే ఆమె కళ్ళలో పొర పడింది. ఎవరిని అడిగినా ఒకటే మాట: ముదరాలి. మెస్‌కు పాలు పోసే ఆయనా అదే మాట, గుడిలో పరిచయమైన ఆడవాళ్ళూ అదే మాట, ఊరి నుంచి వచ్చిపోయే ఆమె అన్నయ్య సుబ్బారావుగారిదీ అదే మాట. "తొందరపడకు చెల్లాయ్. శుక్లం పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే కన్ను నిలవదు. పూర్తిగా ముదరనీ. అదీ చలికాలం చూసుకుని చేయించుకోవాలి, ఎండల్లో కత్తి పెడితే చీము పడుతుంది." ఆయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ మాట అన్నా దస్తావేజు చదివినట్టు అనేవారు. ఆమె నమ్మింది. చలికాలాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. పిల్లల పరీక్షలు అడ్డం వచ్చేవి, లేకపోతే ఇంకా ముదరలేదని ఎవరో ఒకరు అనేవారు. మధ్యలో ఒకసారి కుడికన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. కండ్లకలక అనుకుని తడిగుడ్డ వేసుకుని పొయ్యి ముందు నిలబడింది. నొప్పి తగ్గాక ఆ కంటికి ఏమీ కనబడడం మానేసింది. అప్పుడు ఆమె అన్న మాట నేనింకా మరిచిపోలేదు. "ఇది బాగా ముదిరినట్టుందిరా" అంది సంతోషంగా.

కంచాలు ఎత్తేది నేనే. కొన్నాళ్ళ నుంచి ప్రతి కంచం అంచునా రాళ్ళు కనబడసాగాయి. అన్నం తిన్నంత మేర తిని, పంటి కింద పడ్డ రాయిని చప్పుడు కాకుండా తీసి, కరివేపాకు కింద దాచి లేచిపోయేవారు పిల్లలు. ఆమె అంటే వాళ్ళకు ప్రాణం. జ్వరం వస్తే జావ కాచి ఇచ్చే మనిషి, పరీక్ష తప్పితే పక్కన కూర్చుని మరో ముద్ద పెట్టే మనిషి. ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకని అందరూ కలిసి నోరు మూసుకున్నారు. ఒకడు చేయి కడుక్కుంటూ నాతో అన్నాడు, "అన్నా, పంటి ముక్క ఊడిందే ఇయ్యాల. అమ్మకు చెప్పకు, బాధపడ్తది." నాకు ఆ మాట నచ్చలేదు. బాధ ఆమెదైతే, దాచే హక్కు వీళ్ళకెవరిచ్చారు?

ఆ మధ్యాహ్నం అన్ని కంచాల రాళ్ళూ ఏరి, కడిగి, ఆమె అరచేతిలో పోశాను. సుబ్బారావుగారు అప్పుడక్కడే మంచం మీద కూర్చుని వక్కపొడి నములుతున్నారు.

"ఏంట్రా ఇవి?"

"ఇయ్యాల అన్నంల వచ్చినయమ్మా. మీకు కనబడ్తలేదు."

ఆమె చేతిలోకి చూడలేదు. రెండో చేతి వేళ్ళతో ఆ రాళ్ళను తడిమింది. ఒక్కొక్కటీ రాసి చూసింది. చూపున్న మనిషి చేసే పని కాదది. ఆమె తల ఎత్తేలోపే సుబ్బారావుగారు లేచారు. "కూరలు తరిగేవాడివి నీకెందుకురా ఇవన్నీ? పెద్దావిడతో అనాల్సిన మాటేనా అది?"

"అన్నయ్యా, నువ్వు ఆగు" అంది ఆమె. ఆ రాళ్ళను కొంగున ముడి వేసుకుంది. సాయంత్రం వంట మాత్రం మామూలుగానే చేసింది. మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, పేపరు పక్కన పెట్టి, "దవాఖానకి పోదాం పద" అంది. నేను అనే ‘దవాఖాన’ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

పెద్ద దవాఖానలో డాక్టరు వయసులో చిన్నవాడే. కుడికంట్లో లైటు వేసి చూసి, "ఈ కంటి చూపు ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగాడు. "పోలేదు బాబూ, ముదురుతోంది" అంది ఆమె. అతను లైటు ఆర్పేసి స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, అది ఎప్పుడో ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, నరం చచ్చిపోయింది. ఇంక తిరిగి రాదు. ఎడమది కూడా ఆ దారిలోనే ఉంది. దీన్నయినా నిలబెట్టుకుందాం." కాయ ముదిరినట్టు కన్ను ముదురుతుందని ఇంతమంది పెద్దమనుషులు ఎంత ధీమాగా చెప్పారు! వాళ్ళలో ఒక్కడికీ పోయిందేమీ లేదు.

మా వెంట వచ్చిన సుబ్బారావుగారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు మంచి ఎండలు డాక్టరుగారూ. చలికాలం దాకా..."

ఆమె ఆయన వైపు తిరగనే లేదు. "ఎండాకాలం చేస్తే పాడవుతుందా బాబూ?"

"ఎవరన్నారమ్మా?"

"అందరూ."

"ఆ అందరూ వచ్చి చేస్తారా, నేను చెయ్యనా?"

ఆమె పకపకా నవ్వింది. కన్ను పోయిందని తెలిసిన గడియలోనే నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తరవాత వరసగా అడిగింది: కత్తి ఎక్కడ పెడతావు, కుట్లు ఎన్నాళ్ళకు మానతాయి, పొయ్యి ముందు ఎప్పటి నుంచి నిలబడొచ్చు, ఒకవేళ ఇదీ పోతే ఏం మిగులుతుంది. చివరి ప్రశ్నకు డాక్టరు తల ఊపి ఊరుకోబోయాడు. ఆమె అతన్ని వదల్లేదు. "తల ఊపొద్దు, చెప్పు." వెలుగూ చీకటీ కూడా తెలియకపోవచ్చని చెప్పాడు. "సరే, చెయ్యి" అంది.

అప్పట్లో ఆపరేషన్ ఇప్పటిలా కాదు. కట్టు కట్టి, కదలొద్దు, దగ్గొద్దు, వంగొద్దు అని పడుకోబెట్టేవారు. పిల్లలు వేరేచోట తిన్నారు. మెస్ తలుపు సగం వేసి నేను మంచం పక్కన కూర్చుని పేపరు చదివేవాణ్ణి. వార్తలైపోతే పెళ్ళిళ్ళ ప్రకటనలు, అవీ అయిపోతే టెండరు నోటీసులు. ఆపితే చాలు, ఆమె చేయి దుప్పటి మీద వెతుక్కునేది. "చదువు, ఆపకు. నిశ్శబ్దంగా ఉంటే లోపల ఏదో అవుతున్నట్టుంది." భయమని ఆ నోటితో అనలేదు. నేనూ అడగలేదు. మా ఇద్దరికీ తెలుసు, ఆ కట్టు కింద ఉన్నది ఒక్క కన్నే కాదు, ఆ పొయ్యీ, ఆ గడపా, ఆమె బతుకంతా అని.

కట్టు విప్పాక వెలుగు తెలిసింది, మనుషులు మసకగా తెలిశారు. కుట్లు మానాక సీసా అడుగుల్లాంటి దళసరి అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని మొదట నన్నే చూసింది. "నీ ముఖం ఇంత పెద్దదేంట్రా!" అని, వెంటనే, "ఆ చొక్కా ఎన్నాళ్ళయింది ఉతికి?" అంది. ఆ అద్దాల్లో వస్తువులన్నీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనబడతాయట. మెస్ మళ్ళీ తెరిచిన రోజున సాంబారు కంచానికి బెత్తెడు ఇవతల పోసింది. పిల్లలు బిగబట్టుకుని కూర్చున్నారు. "నవ్వండ్రా, నవ్వు దాచుకుంటే కడుపునొప్పి వస్తుంది" అంది. అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే ఆమె తల పైకెత్తి వంటింటి గోడలు చూసింది.

పొగచూరి, నూనె జిడ్డు చారలు కట్టి, మూలల్లో బూజు వేలాడుతున్న గోడలు. ఆమె గరిటె కింద పెట్టింది. మడి కట్టుకుని వండిన మనిషి, గిన్నెను మూడుసార్లు తోమించే మనిషి. ఒక్కో గోడ దగ్గరికీ వెళ్ళి వేలితో రాసి చూసుకుంది. "ఈ గోడల మధ్యనా నేను మీకు అన్నం పెట్టింది?" వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూసింది. "ఇంతమంది ఉన్నారు. అందరికీ కళ్ళున్నాయి. ఒక్కడూ చెప్పలేదే." ఒక పిల్లవాడు మెల్లగా అన్నాడు, "మీరు బాధపడతారని అమ్మా." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నాకు తెలియకుండా నా కన్ను ఒకటి పోయింది. అప్పుడూ అందరూ నా మంచి కోరినవాళ్ళే."

మర్నాడు సున్నం వేయించింది. సున్నం ఆరిన రోజున బల్ల మధ్యలో ఒక ఖాళీ స్టీలు గిన్నె పెట్టి చెప్పింది: "రాయి వస్తే ఇందులో పడెయ్యాలి. టంగుమని నాకు వినపడాలి. అంచున దాచినవాడికి మర్నాడు అన్నం లేదు." ఆ గిన్నె ఆ మెస్ ఉన్నంత కాలం బల్ల మీదే ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఉప్పు గిన్నె అనుకుని చేయి పెట్టేవారు. టంగుమన్నప్పుడల్లా ఆమె వంటింట్లో నుంచి, "ఎవర్రా?" అని అరిచేది, రాయి పడ్డవాడికి గరిటెడు నెయ్యి అదనం.

ఆమె పోయాక మెస్ పోయింది, ఆ సందే పోయింది, పైన మెట్రో నడుస్తోంది. ఆ గిన్నె ఎవరి ఇంట చేరిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ చప్పుడు అలవాటైపోయింది. మొన్న పార్కులో నా పక్కన నడిచే పెద్దమనిషి, "ఎందుకు తొందర యాదన్నా, మోతిబిందు జర ముదరనియ్యి" అన్నాడు. "మామిడికాయా అది, గడ్డిల పెట్టనీకి? ఎవల కన్ను తీసినవ్ ఇప్పటిదాంక గా మాట చెప్పి?" అన్నాను. అప్పటి నుంచి అతను ఇంకో దారిన నడుస్తున్నాడు. ఆసుపత్రిలో లెన్సులను చీరల కొట్లో చీరల్లా పరిచి చూపిన అమ్మాయితో, "రంగులు కాదు బిడ్డా, దీనికీ దానికీ ఫరక్ ఏంది, సమజయేటట్టు చెప్పు" అని కూర్చున్నాను. సరిత సిగ్గుపడింది. నా వెనక ఉన్న ముసలామె మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని వినసాగింది.

ఇవాళ మధ్యాహ్నం నన్ను లేపి అన్నానికి కూర్చోబెట్టారు. కొత్త కంటికి అన్నం మల్లెపువ్వంత తెల్లగా కనబడింది. మొన్నటి దాకా ఆ కంటికి పసుపు కలిపినట్టు ఉండేది. బియ్యం మా తమ్ముడు ఊళ్ళో పట్టించి పంపినవి. ఆ తెలుపులో ఒక నల్లరాయి. పక్కనే ఇంకొకటి. ఎదురుగా చూస్తే సరిత అప్పటికే తన కంచం అంచున ఒకదాన్ని కరివేపాకు కింద తోస్తోంది. నా చూపు తగలగానే తల అడ్డంగా ఆడించింది, వద్దన్నట్టు.

"ముత్యమ్మా, ఒక ఖాళీ గిన్నె తే" అన్నాను మా ఆవిడతో.

"ఎందుకు, పులుసు కావాల్నా?"

"తే, చెప్త."

తెచ్చి బల్ల మీద పెట్టింది. రాయి తీసి అందులో వేశాను. టంగుమంది. రెండోది కూడా వేశాను. సరిత తల దించుకుంది.

"ఏందది?"

"రాళ్ళు. నీకు కనబడ్తలేదు."

ముత్యమ్మకు కోపం వచ్చింది. "నీకు కొత్త కండ్లొచ్చినయని అందరి కండ్లు ఖరాబైనయా? నాకు జర మసక, గంతే. ఇంకా ముదరలే."

ఆమె గిన్నె దగ్గరికి లాక్కుని, అందులోకి చూడకుండా, వేళ్ళు పెట్టి తడిమింది.

"రేపు పొద్దుగాల తయారుగుండు" అన్నాను. "పోదాం."