సీడీ పెట్టే చోటు

ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు ఇంకా ఉండాలా, అక్కర్లేదా అని మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఒకసారి మాట వచ్చింది. అక్కర్లేదన్నారు అందరూ. సినిమాలు ఫోన్లో వస్తున్నాయి, పాటలు ఫోన్లో వస్తున్నాయి, ఇంకా ఆ ప్లేట్లు ఎవరు వాడుతున్నారన్నారు. నేనొక్కడినే ఉండాలన్నాను. ఎందుకండీ అని ఫిజిక్స్ లెక్చరర్ అడిగాడు. చెప్పాలంటే మా నాన్నగారి దగ్గర మొదలుపెట్టాలి. అది టీ తాగుతూ చెప్పే విషయం కాదు.

మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. ఆ మాట నా అంతట నేను ఎక్కడా అనను. ఎవరైనా అంటే కాదనను. పొలాలు పోయాయి. ఎలా పోయాయన్నది ఇంటి విషయం. మిగిలినదల్లా ఒక మర్యాద. మా ఊరికి ఎదురుగా గోదావరి మధ్య లంకలో శివాలయం ఉంది. స్వామి కల్యాణానికి పట్టుబట్టలు మా ఇంటి నుంచే వెళ్ళాలి. వెదురు బుట్టలో పెట్టిన ఆ బట్టలను మా ఇంటి పెద్ద తలమీద పెట్టుకుని రేవుదాకా నడిచి, పడవెక్కి లంకకు చేరాలి. బుట్ట తలమీద ఉన్నంతసేపు ఆయన ఎవరితోనూ మాట్లాడకూడదు. పడవ నడిపే జాలరులు కూడా ఆయన ముఖంలోకి చూడరు. బుట్ట మా వంశంలో ఒక శాఖవాళ్ళ తలమీది నుంచి మరో శాఖవాళ్ళ తలమీదికి మారితే, ఇక అది ఆ రెండో శాఖదే. వెనక్కి రాదు. ఇది ఎవరూ రాసి పెట్టలేదు. అందరికీ తెలుసు.

నాన్నగారు ఆఖరిసారి బుట్ట మోసినప్పుడు ఆయనకు ఒంట్లో బాగోలేదు. అయినా మోశారు. పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఒకాయన ఆ ఊరేగింపంతా క్యాసెట్‌లో తీశాడు. ఆ ఏడాదే నాన్నగారు పోయారు. తర్వాత పాత గుడి విప్పి కొత్తగా కట్టడం మొదలైంది. ఆ పని ఆగుతూ సాగుతూ ఏళ్ళు పట్టింది. ఊరేగింపు లేదు, పడవ లేదు. పూజారిగారు లోపలే క్లుప్తంగా కల్యాణం జరిపించేవారు. ఈలోగా మా క్యాసెట్‌కు బూజు పట్టింది. ఆ వీడియో తీసినాయనే వచ్చి, దాన్ని సీడీలోకి ఎక్కించి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఇక దీనికి చావు లేదండి బాబుగారూ. మీ మనవలు కూడా చూసుకోవచ్చు. ఆ క్యాసెట్ ఇంకెందుకండీ, చెత్త.”

క్యాసెట్ ఆయనే పట్టుకుపోయాడు. సీడీని నేను నాన్నగారి కండువాలో చుట్టి పూజ గదిలో బీరువాలో పెట్టాను. ఒక్కసారే బయటికి తీశాను. మా చిన్నాన్న సంవత్సరీకానికి ఆయన కొడుకు వచ్చి, “అన్నయ్యా, మా నాన్న నడుస్తున్నది అందులో ఉందంట కదా, ఒకసారి చూసి ఇచ్చేస్తా” అని అడిగితే ఇచ్చాను. వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చాడు. కండువా మడత కూడా చెదరలేదని అప్పుడు సంతోషపడ్డాను.

ఆ తమ్ముడికి కడియంలో నర్సరీ ఉంది. అతని మొక్కలు లారీల్లో ఎక్కడెక్కడికో వెళతాయి. అతను బాగుపడ్డందుకు నేనెప్పుడూ ఏడవలేదు. పదిమందిలో అతను నన్ను “అన్నయ్యా, మీరు” అనే పిలిచేవాడు. నాకు అది చాలు.

నిరుడు మా కాలేజీ వాళ్ళు లెక్చరర్లందరూ పాఠాలు ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకోవాలన్నారు. నాకు వాటి సంగతి తెలియదు. తమ్ముడే కారులో రాజమండ్రి తీసుకెళ్ళాడు. షాపులో బల్లమీద చాలా ఉన్నాయి. ఒక మూల మందంగా, నల్లగా ఒకటి ఉంది. దాని పక్కన చిన్న మీట నొక్కితే పళ్ళెం లాంటిది బయటికి వచ్చింది. సీడీ దానిలో పెడతారని కుర్రాడు చెప్పాడు. దానిమీద చెయ్యి వేశాను.

“పాత స్టాకండి అది,” అన్నాడు కుర్రాడు. “అమ్ముడుపోక ఉండిపోయింది.”

తమ్ముడు నవ్వాడు. “అన్నయ్యా, అదేంటి, ఇస్త్రీపెట్టెలా ఉంది. అది పట్టుకుని మీరు క్లాసుకెళితే ఏం బాగుంటుంది? మీ స్థాయికి ఇదిగో, ఇది.”

సన్నగా, వెండి రంగులో, పలకలా ఉన్నదాన్ని నా చేతిలో పెట్టాడు. ‘మీ స్థాయికి’ అన్న మాట చెవిన పడ్డాక నేను ఇంకేమీ అడగలేదు. సీడీ పెట్టేది దానికి కూడా అడుగునో వెనకో ఎక్కడో ఉంటుందనుకున్నాను. ఊరేగింపు మళ్ళీ మొదలుపెట్టే విషయం గుడి కమిటీలో అప్పటికే నడుస్తోందని నాకు తెలియదు. అతను ఆ కమిటీలో సభ్యుడు.

కొత్త గుడి పూర్తయింది. బుట్ట ఎవరు మోయాలన్న మాట వచ్చినప్పుడు తమ్ముడు కమిటీలో లేచి, ఆఖరిసారి మోసింది తన తండ్రేనని చెప్పాడట. పెదనాన్నకు ఒంట్లో బాగోలేదు గనక తన తండ్రి తలకెత్తుకున్నాడని, కాబట్టి ఆ మర్యాద తమ శాఖకు మారిందని అతని వాదన. కబురు తెలిసి నేను కమిటీకి వెళ్ళాను. అధ్యక్షుడు చేపల చెరువుల ఆసామి. వాళ్ళ తండ్రి నన్ను ‘బాబుగారూ’ అనేవాడు. ఈయన ‘మాస్టారూ’ అంటాడు.

“మాస్టారూ, మీరు మీ నాన్నగారంటారు, ఆయన వాళ్ళ నాన్నగారంటాడు. మేం ఎవర్ని నమ్మాలండీ?”

ఆ ఊరేగింపును దగ్గర నుంచి చూసిన పెద్దలు, వీడియో తీసినాయనతో సహా, ఇప్పుడెవరూ లేరు. ఆ రోజు పడవ నడిపినవాళ్ళలో మిగిలిన ముసలాయన్ని పిలిపించారు. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఎవరో ఒకరు మోశారండి బాబూ. ఆయన మొహంలోకి మేం చూడకూడదు కదండీ. నేను నీళ్ళకేసి చూత్తన్నాను.”

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు.

“వీడియో ఉంది,” అన్నాను. “రేపు తెస్తాను.”

ఇంటికి వెళ్ళి ఒకసారి చూసుకుంటే సరిపోయేది. ఆ పని చెయ్యలేదు. నాన్నగారు మోశారని నాకు తెలుసు. తెలిసినదాన్ని నిజమో కాదో చూసుకోవడమంటే ఆయన్ని అనుమానించినట్టే అనిపించింది. మర్నాడు కండువాతో సహా సీడీని, కొత్త ల్యాప్‌టాప్‌ను తీసుకుని వెళ్ళాను. మండపంలో చాపలు పరిచారు. ఊరివాళ్ళు కూడా వచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి బల్లమీద పెట్టాను. కండువా విప్పి సీడీ తీశాను. కుడి పక్క చూశాను. ఎడమ పక్క చూశాను. మూసి, తిరగేసి అడుగున చూశాను. చిన్న చిన్న కన్నాలున్నాయి, అంతే.

“మాస్టారూ,” అన్నాడు అధ్యక్షుడు, “పళ్ళెం తెచ్చారు, మరి పీట ఏదండీ?”

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఎవరో వెనక నుంచి, “ఇప్పటివాటికి అది ఉండదండీ” అన్నారు జాలిగా. ఆ జాలి నవ్వు కంటే ఎక్కువగా గుచ్చుకుంది. తమ్ముడు మాత్రం ఈసారి నవ్వలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అన్నగారు పదిమందిలో నవ్వులపాలవుతుంటే చూడలేక తలదించుకున్నాడనుకున్నాను.

మర్నాడు సాయంత్రంలోగా చూపించమన్నారు. పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను. పాత కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు దొరికింది. అక్కడాయన సీడీని వెలుతురుకు పట్టి చూసి, తన మిషన్‌లో పెట్టాడు. గుర్రుగుర్రుమంటూ తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

“చదవట్లేదండి. ఇదిగో చూడండి, ఇక్కడ పొర లేచిపోయింది. గుడ్డలో చుట్టి పెట్టారా ఏంటి? చెమ్మ తగిలుంటదండి.”

“చావు లేదన్నారే,” అన్నాను.

“ఎవరన్నారండీ?”

ఆయనకు ఏం చెప్పను? క్యాసెట్ చెత్త అన్నవాడు చెప్పాడు. ఇది శాశ్వతం అన్నవాడు చెప్పాడు. ఆ మాట నమ్మి మా ఇంట్లో మిగిలిన ఒక్క సాక్ష్యాన్ని దానిమీద పెట్టాను. తర్వాత ఎవరో, ఎక్కడో, నన్ను అడక్కుండా ఆ చోటు తీసేశారు. సన్నగా ఉండాలట. బరువు తగ్గాలట. తిరిగే భాగం త్వరగా పాడవుతుందట. ఈ కారణాలన్నీ ఆ షాపాయన నిదానంగానే చెప్పాడు, అబద్ధాలు కూడా కావు. నా సీడీ ఎలాగూ పోయింది గనక చోటున్నా లాభం లేదనీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ చోటు కళ్ళ ముందు ఉండి ఉంటే ఏ పండక్కో ఒకసారి పెట్టి చూసేవాణ్ణి. పాడవుతోందని తెలిసేది. ఇంకోటి చేయించుకునేవాణ్ణి. తలుపు ఉన్న గదికే మనిషి వెళతాడు. తలుపు పూడ్చేసి, లోపలివి పాడైపోయాయని నన్ను అంటే ఎలా?

“బయట తగిలించుకునే డ్రైవు దొరుకుతుందండి,” అన్నాడాయన. “కానీ దీనికది పనికిరాదు. ఎవరి దగ్గరా కాపీ లేదాండీ?”

అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడు ఒకసారి పట్టుకెళ్ళాడు.

కడియంలో దిగి అతని ఇంటికి వెళ్ళాను. అతను నర్సరీలో లారీ దగ్గర ఉన్నాడు. మరదలు అరుగుమీదకు వచ్చి మంచినీళ్ళిచ్చింది. పాత వీడియో ఎప్పుడైనా కాపీ తీశారా అని అడిగాను. ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

“ఉందండి బావగారూ! మా కంప్యూటర్లో ఉంది. ఏటా మావయ్యగారి తద్దినం నాడు పెట్టుకు చూస్తామండి. పిల్లలకి చూపిస్తాం. మొన్న కూడా ఆయన చూశారు. రండి.”

మొన్న అంటే కమిటీలో నేను వీడియో ఉందన్న రోజు. లోపలికి వెళ్ళాను. ఆఫీసు గదిలో పెద్ద పాత కంప్యూటర్, దానికి సీడీ పెట్టే పళ్ళెం. మరదలు ఏదో నొక్కింది. రేవు కనిపించింది. నాన్నగారు బుట్ట తలమీద పెట్టుకుని నడుస్తున్నారు. మెడ నిటారుగా ఉంది. కాళ్ళు మాత్రం వణుకుతున్నాయి. పక్కన చిన్నాన్న, నాన్నగారికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని, తను ఎండలో నడుస్తున్నాడు.

గుమ్మంలో అలికిడైంది. తమ్ముడు వచ్చాడు. భార్యను చూశాడు, నన్ను చూశాడు.

“నువ్వు వెళ్ళి టీ పెట్టు,” అన్నాడు ఆమెతో.

ఆమె వెళ్ళాక నేను అడిగాను. “ఇది నీ దగ్గర ఉంది. నిన్న నేను ల్యాప్‌టాప్ తిరగేసి వెతుక్కుంటుంటే నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు.”

“అవును అన్నయ్యా.”

“ఆ రోజు షాపులో కూడా తెలుసా?”

అతను కుర్చీలో కూర్చుని స్క్రీన్ వైపు చూపించాడు.

“చూడండి. మీకేం కనపడుతోంది? పెదనాన్న తలమీద బుట్ట. నాకు ఏటా కనపడేది ఆ గొడుగే అన్నయ్యా. మా నాన్న జీవితమంతా పట్టాడు. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా బాబుగారూ అన్నారా? చిన్నబాబు అన్నారు, జుట్టు నెరిసేదాకా. ఒక్కసారి ఆ బుట్ట మా నాన్న మోశాడంటే ఎవరికి నష్టం?”

“అబద్ధం కదరా అది.”

“అబద్ధమే,” అన్నాడు. “మీకంత కావాలంటే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తా. సాయంత్రం తీసుకెళ్ళి చూపించండి. నేను అడ్డు చెప్పను. పదిమందిలో నన్ను అబద్ధాలకోరు అననివ్వండి. ఏం?”

సొరుగు తీసి పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టాడు. బొటనవేలంత లేదు. నా ల్యాప్‌టాప్‌కు దాన్ని పెట్టే చోటు ఉంది. దానికి మాత్రం చోటు పెట్టారు.

దొంగిలించినవాడి చేతి నుంచి నా సొత్తును దానంలా అందుకోవాలా? నాన్నగారు అయితే అందుకోరు. నేనూ అందుకోలేదు. టీ వచ్చేలోపు లేచి వచ్చేశాను. మరదలు గేటు దాకా వచ్చి “బావగారూ, టీ...” అంటోంది. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. వెనక్కి తిరిగితే నా ముఖం చూస్తుందని తిరగలేదు.

సాయంత్రం కమిటీకి వెళ్ళలేదు. చూపించేదేమీ లేదని నేను ఒప్పుకున్నట్టు వాళ్ళు రాసుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రాత మార్చమని నేను అడగలేదు.

కల్యాణానికి ముందు కమిటీ తరఫున ఒకాయన కరపత్రం తెచ్చి ఇచ్చాడు. పట్టుబట్టల సమర్పణ అన్న చోట తమ్ముడి పేరుంది. వంశం పేరు మాదే. ఆయన చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడ్డాడు.

“అధ్యక్షుడుగారు మరీమరీ చెప్పమన్నారండి. మీరు తప్పకుండా రావాలి. ముందు వరసలో కుర్చీ వేయిస్తారటండి.”

“ఆ రోజు నాకు క్లాసుందండి,” అన్నాను.

ఆయన కరపత్రం వైపు చూశాడు. “ఆదివారమండి అది.”

“ఆదివారమూ ఉందండి.”

ఆయన అలాగేనండి అని చెప్పులు వేసుకున్నాడు.