సున్నం కొట్టిన వాగు

మా మావయ్య జగ్గారావు రిటైరై చాలాకాలమైంది కానీ రైల్వే ఆయన ఒంట్లోంచి పోలేదు. టాటానగర్ ట్రాక్ గ్యాంగులో ఉన్నన్నాళ్లూ పెద్దసాహెబు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే లైను పక్క గడ్డి కొట్టాలి, రాళ్లకి సున్నం వెయ్యాలి. సాహెబు పని తర్వాత చూస్తాడు, ముందు చోటు చూస్తాడు అంటాడు మావయ్య. ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. బర్మామైన్స్ పేటలో మా గుమ్మం ముందు రాళ్లు ఇప్పటికీ తెల్లగానే ఉంటాయి.

నేను ఆయన కోడలిని, రజనిని. ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. సెలవు దొరికితే మాంగో పేట దాటి, దల్మా కొండ దిగువనున్న వాగు దగ్గరికి పోయి తూనీగలు చూస్తాను. పిహెచ్‌డి కోసం. ఇంట్లోవాళ్లకి అది "రజని పురుగుల పని". వంట, బడి, వాగు మూడూ మోసి ఇంటికొచ్చాక, అదేం పనో ఎవరికైనా విడమర్చి చెప్పే ఓపిక ఉంటుందా?

బ్రహ్మవిద్యేమీ కాదు. తూనీగ పిల్ల పెరిగేది నీళ్లలోనే, రాళ్ల కింద, నానిన ఆకుల్లో. కొమ్మలు కమ్ముకుని నీళ్లు చల్లగా ఉన్నచోట సూదుల్లాంటి సన్న తూనీగలు ఉంటాయి. అవి వాలితే రెక్కలు ముడుచుకుంటాయి. నీడ పోయి ఎండ పడిందా, అవి ఉండవు. ఎక్కడైనా బతికే పెద్ద ఎర్ర తూనీగలు వచ్చి ఆ చోటు పట్టుకుంటాయి. నీడకీ వాటికీ ఉన్న ఆ లంకె చూపించడమే నా థీసిస్. ఈ ఏడాదితో గడువు అయిపోతుంది.

దసరా సెలవుల్లో మా గైడు వాగు చూడ్డానికి వస్తానన్నారు. అన్నం తింటూ ఆ మాట ఇంట్లో అన్నాను. మావయ్య ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"సాహెబే వత్తన్నారేటి?" అన్నాడు.

గైడుని తీసుకుని వెళ్లేసరికి నా వాగుని నేనే గుర్తుపట్టలేకపోయాను. పొదలు కొట్టేశారు. నీళ్ల మీదికి వాలిన కానుగ కొమ్మలు నరికేశారు. అడుగునున్న ఆకులన్నీ ఎత్తి గట్టున కుప్ప పోశారు. రెండు పక్కలా రాళ్లకి సున్నం. వాటి చుట్టూ నీళ్లు కూడా తెల్లగా ఉన్నాయి. ఎర్ర తూనీగ ఒకటి రాయి మీద దర్జాగా కూర్చుంది.

గైడు వంగి తెల్లబడ్డ నీళ్లలోకి చూశారు. "పైన ఇంకో పాయ నీడలో ఉంది కదమ్మా. అదైనా మిగిలేలా చూసుకో. అదీ పోతే థీసిస్ లేదు" అని వెళ్లిపోయారు.

ఇంటికొస్తే మావయ్య గుమ్మంలోనే ఉన్నాడు. చేతులు సున్నానికి పగిలిపోయాయి.

"సాహెబు ఏటన్నారమ్మా?"

ఏడవడానికి కూడా శక్తి లేదు. "బాగుందన్నారు" అని లోపలికి పోబోయాను.

"నానూ సీతారామరావూ నిన్న బేగి ఎల్లి సేసొచ్చినాం. నువ్వు తిరిగే కాడ పాములుంటాయి కదా. పైన పాయ ఇంకా సీకటిగా ఉంది. ఆదివారం దాన్ని కూడా బాగు సేసెత్తాం" అన్నాడు.

సీతారామరావు ఆయనతో గ్యాంగులో పనిచేసినవాడు, సందు చివర ఉంటాడు. ఇద్దరూ కత్తి పట్టారంటే పాయ ఒక్క పూటలో బోడి అయిపోతుంది. ఇంక తప్పక, ఆయన పక్కన కూలబడి అంతా చెప్పాను. నీడ, ఆకులు, రాళ్ల కింద పిల్లలు. ఆయన తలెత్తకుండా విన్నాడు.

"అంటే అయ్యన్నీ సచ్చిపోనాయేటి?"

"చాలావరకు."

"నా వల్లేనా?"

కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కాదంటే ఆదివారం కత్తి పట్టుకుని బయల్దేరతాడు.

"మీ వల్లే మావయ్యా" అన్నాను.

ఆయన లేచి, చెప్పులేసుకుని సందు చివరికి చకచకా నడిచాడు. గ్యాంగులో ఉన్నన్నాళ్లూ ఒంట్లో బాగాలేదని ఒక్కపూట సెలవడగని మనిషి, సీతారామరావుతో అనడం నాకు వినబడింది.

"ఆదివారం నాను రాలేనురా. నడుం పట్టీసింది."

నా పాయ దక్కిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది.